తెలుగు సంఘానికి తుపాకీ హింస నివారణ గ్రాంటు: డబ్బు ఏ దారిన వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఒక కౌంటీలో మూడు వందల కుటుంబాల తెలుగు సంఘం. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్న విద్యార్థి మీద కాల్పులు జరిగాయి. "తుపాకీ హింస తగ్గించడానికి ఫెడరల్ ప్రభుత్వం కోట్ల డాలర్లు ఇస్తోందట. మాకు 501 సీ 3 (పన్ను మినహాయింపు హోదా) ఉంది. నేరుగా దరఖాస్తు పెట్టొచ్చా? ఎంత అడగాలి?"

నేరుగా పెట్టలేరు. "ఎంత అడగాలి" కంటే ముందు మీ కమిటీ తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: సంఘం ఖాతాలోంచి ఎంత సొమ్మును నాలుగు నెలలపాటు ఇరికించి ఉంచగలరు? ఈ గ్రాంట్లు దాదాపు అన్నీ మీరు ముందు ఖర్చుపెట్టి, తర్వాత బిల్లు చూపి రాబట్టుకునేవే. దరఖాస్తు బాగా రాసి గ్రాంటు తెచ్చుకున్నా, ఆ తర్వాత చేతిలో డబ్బు ఆడక చేతులెత్తేసే చిన్న సంస్థలున్నాయి. లెక్క కింద వేసి చూపిస్తాను.

మీరు విన్న కోట్లు ఎక్కడివో ముందు చెబుతాను. టెక్సాస్‌లోని ఉవాల్డే స్కూల్లో కాల్పులు జరిగిన నెలరోజులకు, 2022 జూన్ 25న బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టం మీద సంతకం పడింది. అందులో ఈ విషయానికి సంబంధించి రెండు పెద్ద సంచులున్నాయి. ఒకటి బర్న్ స్టేట్ క్రైసిస్ ఇంటర్వెన్షన్ ప్రోగ్రామ్. ఈ రంగంలో అందరూ 'స్కిప్' అంటారు. అయిదేళ్లకు 75 కోట్ల డాలర్లు, ఏడాదికి 15 కోట్లు. రెండోది 'సీవిపి' అని పిలిచే కమ్యూనిటీ హింస నివారణ కార్యక్రమం, అయిదేళ్లకు 25 కోట్లు. రెండూ న్యాయశాఖవే. అయినా వాటి దారులు వేరు.

స్కిప్ డబ్బు రాష్ట్రానికే వెళుతుంది. ప్రతి రాష్ట్రంలో న్యాయశాఖ గ్రాంట్లు తీసుకునే సంస్థ ఒకటి ఉంటుంది, దాన్ని ఎస్ఏఏ అంటారు. టెక్సాస్‌లో గవర్నర్ ఆఫీసు కింది పబ్లిక్ సేఫ్టీ ఆఫీసు, న్యూజెర్సీలో అటార్నీ జనరల్ శాఖ, ఇల్లినాయిలో క్రిమినల్ జస్టిస్ ఇన్ఫర్మేషన్ అథారిటీ, జార్జియాలో క్రిమినల్ జస్టిస్ కోఆర్డినేటింగ్ కౌన్సిల్, కాలిఫోర్నియాలో బోర్డ్ ఆఫ్ స్టేట్ అండ్ కమ్యూనిటీ కరెక్షన్స్. దరఖాస్తు పెట్టేది వీళ్లే. మొదటి విడత 2023 ఫిబ్రవరిలో, రెండు ఆర్థిక సంవత్సరాలకు కలిపి, 23.1 కోట్ల డాలర్ల పైచిలుకు ప్రకటించారు. రాష్ట్రం తనకొచ్చిన దాంట్లో కనీసం 40 శాతం స్థానిక ప్రభుత్వాలకు దించాలి. ఫార్ములా ప్రకారం పది వేల డాలర్ల లోపు వాటా వచ్చే చిన్న ఊళ్ల పేరిట ఇంకొంత మొత్తం విడిగా ఉంటుంది. అది ఆ ఊళ్లకు గానీ, వాళ్ల కేసులు చూసే రాష్ట్ర కోర్టులకు గానీ వెళ్లాలి. నిర్వహణ ఖర్చులకు రాష్ట్రం 10 శాతం వరకు ఉంచుకోవచ్చు.

ఈ లెక్కలో లాభాపేక్ష లేని సంఘం పేరు ఎక్కడా లేదు. మీరు వచ్చేది కౌంటీ లేదా నగరం కింద. లేకపోతే రాష్ట్రం తన వాటాలోంచి పోటీ పద్ధతిలో పిలిచినప్పుడు.

డబ్బు రాష్ట్రం చేతికి అందినా వెంటనే కదలదు. పోలీసు, ప్రజలు, కోర్టులు, ప్రాసిక్యూషన్, మానసిక ఆరోగ్య సేవలు, బాధితుల సేవలు, న్యాయ సలహా, ఈ వర్గాల ప్రతినిధులతో రాష్ట్రం ఒక సలహా బోర్డు వేయాలి. ఆ బోర్డుతో కలిసి ప్రణాళిక, బడ్జెట్ తయారుచేసి వాషింగ్టన్‌కు పంపాలి. అక్కడ ఆమోదం పడేదాకా కార్యక్రమాల మీద పైసా ఖర్చుపెట్టకూడదు. పేపర్లో "మన రాష్ట్రానికి ఇన్ని మిలియన్లు" అని వచ్చిన ఏడాదికి గానీ కౌంటీ స్థాయిలో పిలుపు రాకపోవడానికి కారణం ఇదే. అందుకే ముందు చదవాల్సింది గ్రాంటు ప్రకటన కాదు, ఆ బోర్డు సమావేశాల మినిట్స్, ఆమోదం పొందిన ప్రణాళిక. ఎస్ఏఏ వెబ్‌సైట్లో దొరకకపోతే ఈమెయిల్ చేసి అడగండి, ప్రభుత్వ రికార్డే అది. మీ రాష్ట్రం మొత్తం సొమ్మును డ్రగ్ కోర్టులకు, వెటరన్స్ కోర్టులకు కేటాయించి ఉంటే మీ ప్రతిపాదన ఎంత బాగున్నా దానికి అక్కడ చోటు లేదు. ఒక గంట చదివితే మూడు నెలల శ్రమ తప్పుతుంది.

దేనికి వాడొచ్చు? బయట స్కిప్‌ను 'రెడ్ ఫ్లాగ్ డబ్బు' అనేస్తారు. సగమే నిజం. ప్రమాదం తలపెట్టేలా ఉన్న మనిషి దగ్గర తుపాకులు తాత్కాలికంగా తీసుకోవడానికి కోర్టు ఇచ్చే ఉత్తర్వుల వ్యవస్థ, అంటే ఎక్స్‌ట్రీమ్ రిస్క్ ప్రొటెక్షన్ ఆర్డర్లు, దీని కిందికి వస్తాయి. ఆ చట్టం ఉన్న రాష్ట్రం ఈ డబ్బును దానికి వాడాలంటే అవతలి వ్యక్తికి నోటీసు, విచారణ, లాయరును పెట్టుకునే హక్కు, గట్టి సాక్ష్యం, తప్పుడు ఫిర్యాదుకు శిక్ష, ఇవన్నీ ఆ చట్టంలో ఉండాలి. ఆ చట్టం లేని రాష్ట్రం కూడా మానసిక ఆరోగ్య కోర్టులు, సంక్షోభంలో ఉన్నవాళ్లను జైలుకు కాకుండా చికిత్సకు మళ్లించడం, బెదిరింపుల అంచనా శిక్షణ, తుపాకీ తాళాలు, ఇంట్లో భద్రంగా దాచుకోవడంపై ప్రచారం వంటి వాటికి వాడుకోవచ్చు. టెక్సాస్ 2025లో రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను అడ్డుకునే చట్టం చేసింది. అక్కడున్న సంఘం ఆ మాట ఎత్తకుండా తాళాలు, చికిత్స వైపు నుంచి వెళ్లాలి. ఫ్లోరిడాలో ఉత్తర్వు కోరగలిగేది పోలీసులే. న్యూజెర్సీలో కుటుంబ సభ్యులూ కోరవచ్చు. ఏ రాష్ట్రం కరపత్రం ఆ రాష్ట్రానికే పనికొస్తుంది. పక్క రాష్ట్రపు సంఘం తెలుగులో రాసింది కదా అని కాపీ కొట్టకండి.

ఇప్పుడు గ్యాస్ స్టేషన్ సంగతి. కౌంటర్‌కు బుల్లెట్ ఆగే అద్దం, కెమెరాలు, గార్డు, వీటికి స్కిప్‌లో దారి లేదు. దుకాణం లాభాపేక్ష గల వ్యాపారం, ఆ ఖర్చు యజమానిది. చాలామంది దీన్ని ఫెడరల్ విపత్తుల సంస్థ ఫీమా ఇచ్చే నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంటుతో కలిపేస్తారు. అది గుళ్లకు, చర్చిలకు, స్కూళ్లకు. తలుపులు, కంచె, కెమెరాల వంటి వాటి కోసం. మీ ఊళ్లో గుడి కమిటీ వేరుగా ఉంటే వాళ్లకు చెప్పండి, దానికి భద్రతా లోపాల అంచనా నివేదిక ముందే చేయించి పెట్టుకోవాలి. గాయపడిన విద్యార్థికి కావాల్సింది ఇంకోటి: రాష్ట్ర నేర బాధితుల పరిహార నిధి. ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, ప్రాణం పోతే అంత్యక్రియల ఖర్చు అందులో ఒక పరిమితి వరకు వస్తాయి. చాలా రాష్ట్రాల్లో వీసా ఏమిటని చూడరు. అది బీమా కట్టగా మిగిలినదానికే ఇస్తుంది, గడువుంటుంది, మామూలుగా పోలీసు రిపోర్టు నంబరు కావాలి. చందాల పేజీ తెరిచిన రోజే ఈ ఫారం కూడా నింపించండి.

సంఘం నిజంగా చేయగలిగిన పని ఏది? అమెరికాలో 2021లో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు, 20,958 హత్యలు. వార్తల్లో కనిపించేది రెండోది, సంఖ్యలో పెద్దది మొదటిది. తెలుగు ఇళ్లలో ఉద్యోగం పోవడం, వీసా చిక్కులు, అప్పులు, విడాకుల గొడవ, ఇవన్నీ నాలుగు గోడల మధ్యే ఉంచే అలవాటు. అదే ఇంట్లో తుపాకీ ఉంటే ఏం చేయాలో చెప్పే తెలుగు కాగితం మీ కౌంటీలో ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. కౌంటీకి మీరు ఇవ్వగలిగింది ఇదే, వాళ్లకు చేతకానిదీ ఇదే. వీధుల్లో ముఠా గొడవలు ఆపే ఔట్‌రీచ్ వర్కర్ల పని మీది కాదు. ఆ పని చేసేవాళ్లకు ఆ వీధుల్లోనే సంపాదించుకున్న నమ్మకం ఉంటుంది. దరఖాస్తులో ఆ మాటలు అరువు తెచ్చుకుంటే చదివేవాళ్లకు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఆ కాగితంలో తప్పక ఉండాల్సిన ఒక విషయం. ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం, వేటాడే లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు పోగా, ఫెడరల్ నేరం. దుకాణం యజమాని కౌంటర్ కింద పెట్టిన పిస్టల్ "అవసరమైతే తియ్యి" అంటూ విద్యార్థి చేతికి అప్పగిస్తే ఇరుక్కునేది విద్యార్థి. ఇది తెలియని యజమానులు చాలామంది.

988 గురించి కూడా రాయండి. 2022 జూలై నుంచి దేశమంతా ఆ మూడంకెలతో ఆత్మహత్య, మానసిక సంక్షోభ లైన్ పనిచేస్తోంది. ఫోన్ ఎత్తేది ఇంగ్లీషులో లేదా స్పానిష్‌లోనే అయినా 240కి పైగా భాషలకు దుబాసీలను కలుపుతారు. ఇంగ్లీషులో "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అని చెప్పి లైన్లో ఆగాలి. అమ్మానాన్నలకు ఈ ఒక్క వాక్యం ఫోన్ పక్కన రాసి అంటించిపెట్టినా మేలే.

ఇక మీరు ఏ హోదాలో దూరాలన్నది. రెండున్నాయి: సబ్‌రెసిపియెంట్, కాంట్రాక్టర్. సబ్‌రెసిపియెంట్ అంటే గ్రాంటులో కొంత భాగం మీకు దించి, ఫెడరల్ నిబంధనలన్నీ దాంతో పాటే మీ మీద పెడతారు. కాంట్రాక్టర్ అంటే కౌంటీ మీ దగ్గర ఒక సేవ కొనుక్కుంటుంది: ఇన్ని గంటల తెలుగు అనువాదం, ఇన్ని సమావేశాలు, ఇంత ధర. బిల్లు ఇస్తారు, డబ్బు వస్తుంది, అంతే. మొదటిసారి అయితే కాంట్రాక్టర్‌గానే వెళ్లండి. గౌరవం తక్కువ అనిపిస్తుంది, వార్షికోత్సవ వేదిక మీద చెప్పుకోవడానికి 'ఫెడరల్ గ్రాంటు' అన్న మాట ఉండదు. కానీ టైమ్‌షీట్ల తలనొప్పి, మానిటరింగ్ సందర్శనలు, ఖర్చు తిరస్కరించే ప్రమాదం, అన్నీ చాలా తగ్గుతాయి. ఒక ఏడాది శుభ్రంగా బిల్లులు పెట్టిన సంఘాన్ని రెండో ఏడాది సబ్‌రెసిపియెంట్‌గా తీసుకోవడానికి కౌంటీ కూడా జంకదు. ఏ పేరు పెట్టినా, పని స్వభావాన్ని బట్టే హోదా తేలుతుంది. కార్యక్రమం ఎలా నడపాలో మీరే నిర్ణయిస్తూ కాంట్రాక్టర్ అని రాసుకుంటే ఆడిట్‌లో కుదరదు.

అయినా సబ్‌రెసిపియెంట్‌గానే వెళ్తామంటే, పన్నెండు నెలలకు నమూనా బడ్జెట్ ఇలా ఉంటుంది. ధరలు మీ ఊరిని బట్టి మార్చుకోండి.

పార్ట్‌టైమ్ కోఆర్డినేటర్, వారానికి 20 గంటలు, 52 వారాలు, గంటకు 28 డాలర్లు: 29,120
సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం (2,228), పనిలో గాయాల బీమా (వర్కర్స్ కాంప్), నిరుద్యోగ బీమా (772): 3,000
తెలుగు అనువాదం, దుబాసీ, 120 గంటలు, గంటకు 60: 7,200
మానసిక ఆరోగ్య శిక్షకులు, 4 రోజులు, రోజుకు 600: 2,400
కరపత్రాలు 4,000, ఒక్కోటి 35 సెంట్లు: 1,400
సొంత కారు ప్రయాణం, 2,000 మైళ్లు, 2025 రేటు 70 సెంట్లు: 1,400
తుపాకీ దాచే తాళం పెట్టెలు 60, ఒక్కోటి 45: 2,700
ప్రత్యక్ష ఖర్చుల మొత్తం: 47,220
పరోక్ష ఖర్చు 15 శాతం: 7,083
అంతా కలిపి: 54,303 డాలర్లు

ఈ 15 శాతం గురించి. ప్రభుత్వంతో ఒప్పుకున్న రేటు లేని సంస్థలు అద్దె, కరెంటు, అకౌంటెంటు వంటి వాటికి ఏ రసీదూ లేకుండా తీసుకోగల వాటా అది. 2024 అక్టోబరుకు ముందు 10 శాతమే. పాత నమూనా కాపీ చేసి 10 వేసుకుని ఊరకే నష్టపోయేవాళ్లున్నారు. కౌంటీ "మా పద్ధతి 5 శాతమే" అంటే నిబంధన చూపించి మర్యాదగా అడగండి. కాకపోతే అకౌంటెంటు ఫీజును పరోక్షంలో పెట్టి, మళ్లీ ప్రత్యక్ష ఖర్చులో కూడా చూపితే అది రెండుసార్లు వసూలు చేసినట్టు. సలహాదారులకు రోజుకు 650, గంటకు 81.25 డాలర్లు దాటితే న్యాయశాఖ ముందస్తు అనుమతి కావాలి. అందుకే పైన 600 దగ్గరే ఆపాను. తుపాకీకి వేసే కేబుల్ తాళాలు బడ్జెట్లో పెట్టలేదు, చాలా చోట్ల పోలీసులు, షెరిఫ్ ఆఫీసులు ఉచితంగా ఇస్తారు. కొనాల్సింది పెట్టెలే.

చేతి డబ్బు లెక్క ఇప్పుడు. 54,303ను 12తో భాగిస్తే నెలకు సుమారు 4,525. జనవరి ఖర్చు జనవరిలో మీరు కట్టారు. ఫిబ్రవరి 15కి క్లెయిమ్ పెట్టారు. కౌంటీ ఆర్థిక శాఖ చూసి ఒక రసీదు సరిగా లేదని వెనక్కి పంపింది, మార్చిలో మళ్లీ పెట్టారు. చెక్కు వచ్చేసరికి ఏప్రిల్ చివర. ఈలోగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ జీతాలు కూడా మీ జేబులోంచే పోయాయి. నాలుగు నెలలకు 18,100 డాలర్లు. ఈ సొమ్ము సంక్రాంతి హాలు అడ్వాన్సుకు పెట్టుకున్న డబ్బయితే ఇబ్బందే. కమిటీ తీర్మానంలో ఈ అంకె రాసి, సభ్యుల ముందు పెట్టి ఒప్పించుకున్నాకే ముందుకెళ్లండి. కొన్ని కౌంటీలు మొదటి నెల లేదా రెండు నెలల అడ్వాన్సు ఇస్తాయి, ఒప్పందం రాసేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే ఉండదు.

తిరస్కరించే ఖర్చుల్లో మన సంఘాలకు ప్రత్యేకంగా తగిలేది భోజనం. న్యాయశాఖ గ్రాంట్ల మీద తిండి, పానీయాలు దాదాపుగా నిషిద్ధం. మన వాళ్లు భోజనం లేకుండా సమావేశానికి రారు, అది వేరే సంగతి. బిర్యానీ ట్రే డబ్బు సంఘం సొంత నిధిలోంచే పోవాలి, దాని బిల్లు గ్రాంటు ఫైలు దగ్గరికి కూడా రాకూడదు. పేరు ముద్రించిన టీ షర్టులు, పెన్నులు, మగ్గులు కూడా ఇవ్వరు. సాంస్కృతిక కార్యక్రమం, నిధుల సేకరణ, చట్టం చేయమనో రద్దు చేయమనో ప్రచారం, ఇవేవీ కుదరవు. కమిటీ సభ్యుడి బావమరిది ప్రింటింగ్ ప్రెస్‌కు కరపత్రాల పని ఇవ్వాలంటే మూడు కొటేషన్లు తీసుకోవడం మేలు, ఆ సభ్యుడు నిర్ణయంలో పాల్గొనలేదని మినిట్స్‌లో రాయాలి. అసలు ఇవ్వకపోవడమే సుఖం.

జీతం ఎవరికి ఇస్తున్నారో చూసుకోండి. హెచ్-1బీ మీద ఉన్న కార్యదర్శి ఊరికే సేవ చేయొచ్చు, గ్రాంటులోంచి నెలకు ఐదు వందల 'ఆనరేరియం' తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం. వాళ్ల వీసాకే ప్రమాదం. కోఆర్డినేటర్ గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ ఇక్కడ పనిచేసే అనుమతి గానీ ఉన్నవాళ్లయి, పని అనుమతి సరిచూసినట్టు చూపే ఐ-9 ఫారం ఫైలులో ఉండాలి.

టైమ్‌షీట్. మానిటరింగ్‌కు వచ్చిన అధికారి మొదట అడిగేది ఇదే. "వారానికి 20 గంటలు" అని ప్రతి వారం ఒకే అంకె నింపి నెలాఖరున ఒకే పెన్నుతో సంతకం పెట్టిన షీటు చూడగానే పట్టేస్తారు. బడ్జెట్లో అనుకున్న గంటలు కాదు, నిజంగా చేసినవి కావాలి. మంచి వరుస ఇలా ఉంటుంది: "మార్చి 4, మంగళవారం, సాయంత్రం 5 నుంచి 8:15, 3.25 గంటలు, కౌంటీ లైబ్రరీలో తాళం పెట్టెల ప్రదర్శన, 14 మంది హాజరు, హాజరు షీటు నంబరు 7." అదే వారం సంఘం ఉగాది పనికి వెళ్లిన గంటలు వేరే వరుసలో, వేరే ఖాతా పేరుతో. ఉద్యోగి సంతకం, పైవాళ్ల సంతకం, రెండూ ఆ జీతం చెక్కు రాయకముందే. హాజరు షీటులో పేరు, జిప్ కోడ్ చాలు. ఇంట్లో తుపాకీ ఉందా, వీసా ఏమిటి అని అడిగే గడులు పెడితే రెండో సమావేశానికి ఎవరూ రారు.

కాగితాల విషయంలో సంఘాలు ఇరుక్కునేది కమిటీ మారినప్పుడు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఎవరికైనా యూఈఐ అనే గుర్తింపు సంఖ్య కావాలి, సామ్ డాట్ గవ్‌లో ఉచితంగా ఇస్తారు. డబ్బులడిగి చేసిపెడతామనే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. సబ్‌రెసిపియెంట్‌కు నియమం ప్రకారం యూఈఐ ఒక్కటి సరిపోతుంది, పూర్తి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి. పూర్తిది చేస్తే ఏటా పునరుద్ధరించాలి. అక్కడ సంఘం పేరు రాష్ట్ర రిజిస్ట్రేషన్‌లోనూ, ఐఆర్ఎస్ ఉత్తరంలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక చోట 'ఇన్‌కార్పొరేటెడ్' ఉండి ఇంకో చోట లేకపోతే వారాల తరబడి ఆగిపోతుంది. చిరునామా మూడు కమిటీల కిందటి కోశాధికారి ఇల్లు, లాగిన్ ఆయన సొంత జీమెయిల్, ఆయనేమో ఇప్పుడు సియాటిల్‌లో. ఇది ఈరోజే సరిచేయండి: సంఘం పేరిట ఒక ఈమెయిల్, ఇద్దరు అడ్మిన్లు. ఐఆర్ఎస్‌కు (ఫెడరల్ పన్ను శాఖకు) ఏటా 990 అనే రిటర్ను వేస్తున్నారో లేదో కూడా చూడండి. మామూలుగా ఏటా వచ్చేది 50 వేల డాలర్లు మించకపోతే చిన్న ఎలక్ట్రానిక్ పోస్టుకార్డు చాలు. మూడేళ్లు వరుసగా వేయకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది, చాలామందికి గ్రాంటు దరఖాస్తు రోజునే ఆ సంగతి తెలుస్తుంది. ఫెడరల్ డబ్బు ఏడాదిలో 10 లక్షల డాలర్లు ఖర్చుపెడితేనే సింగిల్ ఆడిట్ అనే ప్రత్యేక ఫెడరల్ ఆడిట్, ఆ భయం మీకు అక్కర్లేదు.

ఇంకో తరచు పొరపాటు: సంఘం ఇప్పటికే తన డబ్బుతో జీతమిస్తున్న మనిషినే గ్రాంటు మీదికి మార్చి, మిగిలిన సొమ్ము వేరే పనికి వాడుకోవడం. దీన్ని సప్లాంటింగ్ అంటారు, నిషిద్ధం. గ్రాంటు కొత్త పనికి, లేదా ఉన్న పనికి అదనంగా. స్కిప్‌కు మీ వాటాగా మ్యాచింగ్ డబ్బు పెట్టమని ఫెడరల్ నిబంధన ఏదీ లేదు. కాబట్టి "మేం ఇంత పెడతాం" అని ఉత్సాహపడి రాయకండి, రాస్తే అది బాధ్యత అవుతుంది.

రెండో సంచి, సీవిపి సంగతి మారిపోయింది. మొదట్లో స్థానిక సంస్థలు నేరుగా పోటీపడేవి. 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ వందల గ్రాంట్లను గడువు మధ్యలో రద్దు చేసింది, హింస నివారణ సంస్థలకు గట్టి దెబ్బ తగిలింది. శాఖ ప్రాధాన్యాలకు ఇక సరిపోవడం లేదని రాసి పంపారు. ఫెడరల్ నిబంధనల్లో ఆ వీలు ఉంది. తర్వాత వచ్చిన ప్రకటనలో నేరుగా దరఖాస్తు చేసే అర్హత స్థానిక సంస్థలకు తీసేసి ప్రభుత్వాలకే ఉంచారు. దీని నుంచి మీ ఒప్పందానికి మూడు జాగ్రత్తలు. కోఆర్డినేటర్ నియామక పత్రంలో "గ్రాంటు ఉన్నంతవరకే" అని ఉండాలి. పెట్టెలు, కరపత్రాలు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనకండి, మూణ్ణెల్లకు కొనండి. క్లెయిమ్‌లు నెలనెలా పెట్టండి. రద్దు తేదీకి ముందు సక్రమంగా చేసిన ఖర్చు అడిగే హక్కు ఉంటుంది, కానీ ఆరు నెలల బిల్లులు పోగేసుకుని కూర్చున్నవాళ్లకు ఆ హక్కు నిరూపించుకోవడమే ఒక ఉద్యోగం. భాష గురించి వాదించే తీరు కూడా మారింది. ఇంగ్లీషు రానివాళ్లకు సేవలందించాలన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు. అందుకే దరఖాస్తులో "భాషా హక్కు" అని కాకుండా పని లెక్కలో చెప్పండి: కోర్టు కాగితం అర్థంకాని మనిషి విచారణకు రాడు, తాళం వాడకం అర్థంకాని ఇంట్లో పెట్టె ఖాళీగా ఉంటుంది.

చట్టం చేసిన కేటాయింపుల్లో చివరిది 2026 ఆర్థిక సంవత్సరానిది. ఇప్పటికే రాష్ట్రాల చేతికొచ్చిన సొమ్ము ఖర్చుకు గడువు ఇంకా మిగిలి ఉంటుంది, మీరు చూడాల్సింది దాన్నే. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో దారి ఉంది. 2024 జూలై నుంచి తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, దాంట్లోంచి రాష్ట్రపు హింస నివారణ గ్రాంటుకు డబ్బు ఇస్తున్నారు. వాషింగ్టన్ మూడ్‌తో దానికి సంబంధం లేదు.

కౌంటీకి రాసే మొదటి ఈమెయిల్‌కు పది పేజీల ప్రతిపాదన జోడించకండి, ఎవరూ తెరవరు. కౌంటీ గ్రాంట్స్ మేనేజర్‌కు, కాపీ బిహేవియరల్ హెల్త్ శాఖకు, ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా ఐదు వాక్యాలు: "మా సంఘం ఈ కౌంటీలో సుమారు 300 తెలుగు కుటుంబాలను చేరుకోగలదు. బర్న్ స్కిప్ కింద కౌంటీకి సబ్ అవార్డు ఉందా, లేక దరఖాస్తు ఆలోచనలో ఉందా తెలియజేయగలరు. సురక్షిత నిల్వ, 988 సమాచారం తెలుగులో అందించే పనిని కాంట్రాక్టర్‌గా చేయడానికి సిద్ధంగా ఉన్నాం: 120 గంటల అనువాదం, ఆరు సమావేశాలు, 60 తాళం పెట్టెల పంపిణీ. మాకు యూఈఐ ఉంది, తాజా 990 జతచేశాం. వచ్చే రెండు వారాల్లో ఇరవై నిమిషాల ఫోన్ కాల్‌కు వీలుంటుందా?" పది రోజుల్లో జవాబు రాకపోతే షెరిఫ్ ఆఫీసులో కమ్యూనిటీ ఔట్‌రీచ్ చూసే అధికారికి ఇదే పంపండి. ఉచిత కేబుల్ తాళాలు ఉన్నాయా అని అడిగే నెపంతో వెళితే ఆ తలుపు చాలాసార్లు ముందు తెరుచుకుంటుంది.